యార్కీ కుక్కపిల్ల: ఒక చెవి లేచింది, రెండోది పడుకుంది, రంగేమో బొగ్గు. మోసపోయానా?

ఒంటిచెవి_ఓనర్
మా గోలీకి ఐదు నెలలు నిండాయి. రెండున్నర నెలల పిల్లగా తెచ్చుకున్నాం. యార్క్‌షైర్ టెర్రియర్ (అదే, యార్కీ) అని అమ్మారు, డబ్బు కూడా ఆ పేరుకి తగ్గట్టే గుంజారు. నేను ఫోటోల్లో చూసిన యార్కీకి వీపంతా ఉక్కు రంగు, మొహం బంగారు రంగు, పట్టుచీర కుచ్చిళ్లలా నేలదాకా జారే జుట్టు. మావాడేమో బొగ్గుల బస్తాలో పొర్లి వచ్చినట్టున్నాడు. మూతి దగ్గర, కాళ్ల దగ్గర మాత్రం కాస్త గోధుమ రంగు. నాలుగో నెలలో రెండు చెవులూ నిటారుగా లేచాయి, సంతోషించాం. పోయిన వారం ఎడమ చెవి మళ్లీ పడిపోయింది. బరువు 1.7 కిలోలు.

ఇక అరుపు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే అరుపు, పక్క ఫ్లాట్‌లో కుక్కర్ కూస్తే అరుపు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే రెండుసార్లు మా ఫ్లాట్ నంబర్ వచ్చింది. మా అత్తగారు "దీనికంటే పిల్లి నయం, ఎలుకనైనా పడుతుంది" అంటున్నారు. ఇది అసలు యార్కీయేనా? చెవి లేస్తుందా? నోరు ఎప్పటికైనా మూస్తాడా?

భీముడి_నాన్న
కంగారు పడకు తమ్ముడూ. యార్కీ పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. మా భీముడు (ఎనిమిదేళ్లు, 2.6 కిలోలు, నవ్వకండి) ఏడాది దాటేదాకా తారు డబ్బాలానే ఉన్నాడు. ఆ నలుపు కొంచెం కొంచెంగా ఉక్కు రంగులోకి తిరుగుతుంది, పూర్తిగా తేలడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. వీపు మీద వెంట్రుకలు పాయ తీసి మొదలు చూడు. కుదుళ్లలో రంగు పలచబడుతుంటే మారడం మొదలైనట్టే. మొహం మీది బంగారు రంగుకి లెక్క తిరగబడుతుంది, అక్కడ కుదుళ్లలో ముదురు, చివర్లకి లేత.

గుంటూరు_ఘాటు
ఐదు నెలల్లోనే వెండి రంగుకి తిరిగే పిల్లల్ని "అరుదైన సిల్వర్" అని ఎక్కువ రేటుకి అమ్మేవాళ్లున్నారు. కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతికి రాసిన ప్రమాణంలో ముదురు ఉక్కు నీలం ఉండాలి, వెండి నీలం కాదు అని ఉంది. నీ బొగ్గు పిల్లే మంచి లక్షణం కావచ్చు.

ఒంటిచెవి_ఓనర్
@భీముడి_నాన్న ఇప్పుడే పాయ తీసి చూశాను. మెడ వెనక కుదుళ్లలో నిజంగానే కొంచెం బూడిద రంగు ఉందన్నా! లేక ట్యూబ్‌లైట్ మహిమో. రేపు ఎండలో చూస్తా. మరి చెవి?

డాక్టరమ్మ_పశువులకి
పళ్లు మారే వయసు కదా, నాలుగు నుంచి ఆరేడు నెలల మధ్య చెవులు ఇలా లేస్తూ పడుతూ ఉండటం మామూలే. ఎవరో చెప్పారని కాల్షియం సీసాలు తెచ్చి పోయకండి. మంచి పప్పీ ఫుడ్ తింటున్న పిల్లకి అదనపు కాల్షియం మేలు కంటే కీడే చేస్తుంది. చెవి పైన మూడో వంతు భాగంలో వెంట్రుకలు తీయించండి, ఆ బరువుకే చాలా చెవులు వంగిపోతాయి. అప్పటికీ లేవకపోతే మీ డాక్టర్ చేత చెవికి టేప్ వేయించుకోండి, మీరే వేయొద్దు.

చెవి కంటే ముందు నోరు చూడండి. ఈ జాతిలో పాల కోరపళ్లు ఊడకుండానే పక్కనే కొత్త కోరలు వచ్చేస్తాయి, రెండేసి కోరలతో నోరు ఇరుగ్గా అయిపోతుంది. ఏడో నెలకీ ఊడకపోతే తీయించాల్సిందే. సాధారణంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ అప్పుడే ఆ మత్తులోనే తీసేస్తారు.

నాటుకుక్క_జిందాబాద్
ఒక చెవి లేచి ఒకటి పడుకున్న కుక్కలు మా వీధిలో పదకొండు ఉన్నాయి. పైసా ఖర్చు లేదు, రంగు గ్యారంటీ, అరుపు ఫ్రీ.

గుంటూరు_ఘాటు
వచ్చాడండీ. ప్రతి థ్రెడ్‌లో ఈ డైలాగ్ ఒకటి.

కత్తెర_కాంతం
నేను పన్నెండేళ్లుగా కుక్కలకి కటింగ్ చేస్తున్నాను, చెవి సంగతి డాక్టరమ్మ చెప్పారు, జుట్టు సంగతి నేను చెప్తా. యార్కీది కుక్క బొచ్చు అనుకుని పెంచితే నెలలో జడలు కట్టేస్తుంది. దానికి లోపల ఊలు లాంటి రెండో పొర ఉండదు, ఒకటే పొర, మన తలవెంట్రుకల్లాగే పెరుగుతూ పోతుంది. అందుకే సోఫా మీద బొచ్చు రాలదు. రాలిన వెంట్రుక వంటి మీదే పక్కవాటితో చుట్టుకుపోతుంది, అదే చిక్కు. చిక్కులు ముందు కట్టేది చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ (ఛాతీకి వేసే పట్టీ) రాసుకునే చోట. పైపైన బ్రష్ ఆడించి దువ్వేశాం అంటారు, నా టేబుల్ మీద పెట్టి స్టీలు దువ్వెన దించితే చంక దగ్గర ఇరుక్కుపోతుంది.

పొడి జుట్టు దువ్వకండి, తెగుతుంది. స్ప్రే సీసాలో నీళ్లు, రెండు చుక్కల కుక్కల కండిషనర్, పలచగా చల్లి పిన్ బ్రష్‌తో చివర్ల నుంచి కుదుళ్ల వైపు పాయలు పాయలుగా. తర్వాత స్టీలు దువ్వెన. వీపు మధ్యలో మెడ నుంచి తోకదాకా పాపిడి. నేల తాకే జుట్టు కావాలంటే ఇది రోజూ అరగంట పని, ఒక్కరోజు మానినా మర్నాడు డబుల్. షోలకి తిప్పేవాళ్లైతే పాయలు విడివిడిగా కాగితాల్లో చుట్టి రబ్బరుబ్యాండ్లు వేసి దాచుకుంటారు, కుక్క తలనిండా పొట్లాలు కట్టినట్టుంటుంది. ఇంట్లో పెంచుకునేదానికి అదంతా ఎందుకు? ఒళ్లంతా అంగుళం, అంగుళంన్నర ఉంచి కత్తిరించే పప్పీ కట్ చేయించండి, హాయి. మొహం మీద జుట్టు కళ్లలో గుచ్చుకుంటుంది కాబట్టి పిలక వేయండి, లేకపోతే కురచగా కత్తిరించండి. పిలక బిగుతుగా లాగి కట్టొద్దు, కుదుళ్లు ఊడొస్తాయి.

పోమ్_పార్టీ
అంత పొట్టిగా కత్తిరించొద్దు!! మా పొమేరేనియన్‌కి పోయిన ఏప్రిల్‌లో ఒక షాపులో "సమ్మర్ కట్" అని మిషన్ పెట్టి గీసేశారు. ఏడాదైంది, నడుము మీద ఇప్పటికీ అట్టలు అట్టలుగా బట్టతల. కుక్క జుట్టే దానికి ఏసీ, తీయకూడదు అని తర్వాత తెలిసింది.

కత్తెర_కాంతం
@పోమ్_పార్టీ మీరు చెప్పింది పోమ్ విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. దానిది రెండు పొరల కోటు, చర్మందాకా గీస్తే ఒక్కోసారి మళ్లీ సరిగ్గా రాదు. యార్కీది అలా కాదు, కత్తిరించినా పెరుగుతుంది. అయితే దాన్ని కూడా చర్మం కనపడేలా గీయొద్దంటాను నేను, మన ఎండకి ఒళ్లు కాలుతుంది. జాతి ఏదో అడక్కుండా మిషన్ ఆన్ చేసేవాడి దగ్గర కుక్కని వదలకండి, అంతే.

పోమ్_పార్టీ
సరే అక్కా, వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ షాపువాడి మీద కోపం మాత్రం వెనక్కి తీసుకోను.

న్యూజెర్సీ_నాగమణి
జుట్టు రాలదు కాబట్టి అలర్జీ రాదు అని మాకూ చెప్పి అంటగట్టారు. మావారికి ఆస్తమా. మొదటి వారమే తుమ్ములు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, అది చర్మం పొట్టులోనూ లాలాజలంలోనూ ఉంటుంది, ఏ కుక్కకీ అది సున్నా కాదు అని డాక్టర్ చెప్పింది. కుక్కని వదల్లేదు, మావారిని వేరే గదికి మార్చాం.

భీముడి_నాన్న
@న్యూజెర్సీ_నాగమణి సరైన నిర్ణయం 😂

లీడ్స్_లింగం
నేనుండేది ఇంగ్లండ్‌లోని ఆ యార్క్‌షైర్‌లోనే, లీడ్స్‌లో పదేళ్లుగా. అందరూ జుట్టు దగ్గర ఆగిపోయారు, అరుపు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అది అర్థం కావాలంటే వీళ్ల తాతముత్తాతలు ఏం పని చేసేవాళ్లో తెలియాలి.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నుంచి నేతపనివాళ్లు పొట్ట చేతపట్టుకుని ఇక్కడి బట్టల మిల్లులకి వచ్చారు, వస్తూ వాళ్ల చిన్న టెర్రియర్లని (ఎలుకల్ని వేటాడే కుక్కల్ని) తెచ్చుకున్నారు. మిల్లుల్లో ఎలుకల గోల. ఆ కుక్కల్ని ఇక్కడి వాటితో కలిపి పెంచిందే ఈ జాతి. అంటే కూలివాళ్ల కుక్క, దొరసానుల ఒళ్లోకి తర్వాత ఎక్కింది. అంత నున్నటి జుట్టు చూసి ఇది మగ్గం మీద నేసిన కుక్క అని అప్పట్లో జోకులు కూడా వేసేవాళ్లట. మన పోచంపల్లి, మంగళగిరి వాళ్లకి ఈ జోకు ఇట్టే ఎక్కుతుంది.

జాతికి మూలపురుషుడు హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్క. 1865లో పుట్టాడు, 1871లో బండి కింద పడి చచ్చిపోయాడు. బతికింది ఆరేళ్లే, ఆ లోపే అందం పోటీల్లోనూ ఎలుకల్ని చంపే పోటీల్లోనూ బహుమతులు కొట్టాడు. రెంటిలోనూ! యార్క్‌షైర్ టెర్రియర్ అనే పేరు స్థిరపడింది 1870 తర్వాతే, అంతకుముందు స్కాచ్ టెర్రియర్ అనేవాళ్లు. అమెరికా కెన్నెల్ క్లబ్ 1885లో, ఇక్కడి కెన్నెల్ క్లబ్ 1886లో గుర్తించాయి.

కాబట్టి తమ్ముడూ, నీ గోలీ లిఫ్ట్ చప్పుడికి అరవడం పొగరు కాదు, డ్యూటీ. చిన్న చప్పుడు వినపడితే చెవులు రిక్కించి ఉరకడానికే ఆ రక్తం తయారైంది. ఒళ్లో బొమ్మలా పడుకునే కుక్క కావాలనుకుంటే జాతి ఎంపికలోనే పొరపాటు జరిగింది.

ఒంటిచెవి_ఓనర్
అయితే ఎలుకలు పట్టే జాతా ఇది? ఈ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాలి అర్జెంటుగా.

గుంటూరు_ఘాటు
ఎలుకల వరకు ఓకే, పందికొక్కు కనపడితే మాత్రం పట్టుకోండి ప్లీజ్. మా పిన్ని వాళ్ల యార్కీ పెరట్లో పందికొక్కు మీదికి ఉరికింది. ఎవరు పెద్దో దూరం నుంచి చూస్తే చెప్పలేం. రెండు కుట్లు పడ్డాయి, కుక్కకి. మర్నాడు మళ్లీ అదే కన్నం ముందు కూర్చుని గుర్రు. సైజు గురించి వీటికి ఎవరూ చెప్పలేదేమో.

డాక్టరమ్మ_పశువులకి
పందికొక్కు, ఎలుక కరిస్తే కుట్లతో ఆగొద్దు. ఎలకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకి టీకా వేయించారా లేదా చూసుకోండి.

డల్లాస్_బాబాయి
ధైర్యం అంటే గుర్తొచ్చింది. స్మోకీ కథ తెలుసా? రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో న్యూగినీ అడవిలో ఒక గోతిలో దొరికిన యార్కీ. విలియం విన్ అనే అమెరికన్ సైనికుడు రెండు ఆస్ట్రేలియన్ పౌండ్లకి కొనుక్కున్నాడు. కుక్క బరువు నాలుగు పౌండ్లు, అంటే రెండు కిలోలు కూడా లేదు. ఫిలిప్పీన్స్‌లో లింగాయెన్ దగ్గర విమానాల రన్‌వే కింద నుంచి టెలిఫోన్ తీగ లాగాల్సి వచ్చింది. తవ్వితే మూడు రోజులు, ఆ మూడు రోజులూ విమానాలు బాంబులకి దొరుకుతాయి. 70 అడుగుల పైపు, 8 అంగుళాల వెడల్పు, మధ్యలో మట్టి పూడుకుపోయింది. స్మోకీ మెడకి తీగ కట్టి ఇవతల నుంచి వదిలి, అవతల నుంచి విన్ పిలిచాడు. పాకుతూ వచ్చేసింది. 1957 దాకా బతికింది.

నాటుకుక్క_జిందాబాద్
ఇది నిజంగా బావుంది. ఒప్పుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

వైజాగ్_వాసంతి
కథలు బాగానే ఉన్నాయి, అరుపు ఆపేదెలాగో ఎవరూ చెప్పలేదు. "రక్తంలోనే ఉంది, డ్యూటీ" అంటే వాట్సాప్ గ్రూపువాళ్లు ఊరుకుంటారా? @లీడ్స్_లింగం గారూ, మీ మాటతో నేను ఒప్పుకోను. మా జిలేబీకి కూడా ఇదే రోగం ఉండేది. మేం చేసిన తప్పేంటంటే అరిచిన ప్రతిసారీ చంకనెత్తుకుని "అరవకూడదమ్మా" అని ముద్దు చేశాం. అరిస్తే ఎత్తుకుంటారు అని అది నేర్చుకుంది. చిన్న కుక్క కదా అని పెద్ద కుక్కకి చెప్పే ఏ పద్ధతీ చెప్పం. లాబ్రడార్ మీద పడితే తప్పంటాం, యార్కీ పిక్క పట్టుకుంటే వీడియో తీస్తాం.

తర్వాత పద్ధతి మార్చాం. మావారు బయటికెళ్లి బెల్ కొట్టడం, లోపల నేను చాప చూపించి అక్కడ కూర్చుంటేనే ఉడికించిన చికెన్ ముక్క, గోరంత. రోజుకి పదిసార్లు, మూడు వారాలు. మావారికి పిచ్చెక్కింది, కుక్కకి బుద్ధొచ్చింది. ఇప్పుడు బెల్ మోగితే ఒక్కసారి "భౌ" అని చాప మీదికి పరిగెడుతుంది. ఆ ఒక్కటీ ఆపలేకపోయాం.

లీడ్స్_లింగం
@వైజాగ్_వాసంతి గారూ, ఒప్పుకుంటున్నా, "డ్యూటీ" అని వదిలేయమని నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క భౌ దగ్గరే మన ఇద్దరం కలిశాం. ఇంకోటి, ఇవి మనుషుల్ని వదిలి ఉండలేవు. పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో పెంచితే అరుపు అలవాటుగా ముదురుతుంది. తెలివైన జాతి, ఊరికే ఉంటే ఏదో ఒకటి వెతుక్కుంటుంది.

భీముడి_నాన్న
మావాడు మా ఆవిడ వెనకాల నీడ. బాత్రూం తలుపు దగ్గర కూడా కాపలా. నేను దగ్గరికొస్తే గుర్రు. ఎనిమిదేళ్లుగా తిండి పెడుతున్నది నేను.

కడప_కుర్రోడు
నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. "టీకప్ యార్కీ" అని ఒకాయన చూపించాడు, అరచేతిలో పడుతుంది, పెద్దయినా కిలో దాటదన్నాడు. మామూలు దానికి డబుల్ రేటు. తీసుకోనా?

డాక్టరమ్మ_పశువులకి
వద్దు. టీకప్ అనే రకాన్ని ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. ప్రమాణంలో ఉన్నది 3.2 కిలోల లోపు అని, అంతే. అరచేతిలో పట్టేవి చాలావరకు కాన్పులో మిగిలిన బలహీనపు పిల్లలు, లేదా వయసు ఎక్కువ చెప్పి ముందే అమ్మేసేవి. అంత చిన్న పిల్ల రెండు పూటలు తిండి మానిందంటే ఒంట్లో చక్కెర పడిపోయి తూలి మూర్ఛపోతుంది. నాలుగు నెలల్లోపు ఏ యార్కీ పిల్లకైనా రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. కళ్లు తేలేస్తే చిగుళ్లకి తేనె రాసి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఇంట్లో కూర్చుని చూడొద్దు.

ఎదగకుండా, తిన్న తర్వాత మత్తుగా అయ్యే పిల్లయితే లివర్ పరీక్ష చేయించాలి. లివర్‌లోకి వెళ్లాల్సిన రక్తం పక్కదారి పట్టే పుట్టుక లోపం ఈ జాతిలో ఎక్కువ.

కడప_కుర్రోడు
అడిగి మంచి పని చేశాను. రేపు ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా.

కత్తెర_కాంతం
కొనేటప్పుడు తల్లిని చూపించమనండి. తల్లి "ఊరెళ్లింది" అంటే మీరూ ఊరెళ్లండి.

ఒంటిచెవి_ఓనర్
అందరికీ అప్‌డేట్, మూడు వారాలైంది. పోయిన ఆదివారం నేను లేనప్పుడు మా అత్తగారు గోలీకి కుంకుడుకాయ రసంతో తలంటు పోశారు! "ఇంత జుట్టుకి షాంపూ ఏం సరిపోతుంది" అట. రెండు కళ్లూ ఎర్రగా మిరపపళ్లు. డాక్టర్ చుక్కలు రాశారు, రెండు రోజుల్లో తగ్గింది. ఆవిడ బాధపడి రాత్రంతా వాడి పక్కనే కూర్చున్నారు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే పార్టీ. నిన్న వంటింట్లో బొద్దింకని తరిమి కొట్టాడని ఫోన్‌లో మా ఆడపడుచుకి గంటసేపు చెప్పారు.

డాక్టరమ్మ_పశువులకి
మనుషుల షాంపూ కూడా వద్దు, కుక్క చర్మం వేరు. వారం పది రోజులకోసారి కుక్కల షాంపూ, తర్వాత కుదుళ్లదాకా ఆరబెట్టాలి. రెండు కిలోల ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది. ఇద్దరూ ఒకే పార్టీ అంటున్నారు కాబట్టి ముందే చెప్తున్నా, ఆవిడ కంచంలోంచి సాంబారన్నం పెట్టనివ్వకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం. ఇంత చిన్న ఒంటికి కొంచెమే చాలు.

ఒంటిచెవి_ఓనర్
అయ్యో, మొన్న సాంబారు పెట్టారేమో అడగాలి. ఇంకో సందేహం. వాకింగ్‌లో గొలుసు లాగినప్పుడల్లా బాతులా "క్వాక్ క్వాక్" అని దగ్గుతున్నాడు.

వైజాగ్_వాసంతి
మెడ పట్టీ ఇప్పుడే తీసేయ్! హార్నెస్ కొను, ఛాతీకి వేసేది. వీటి గాలిగొట్టం సున్నితం, లాగితే అణిగిపోతుంది. జిలేబీకి అలాగే మొదలైంది, ఇప్పుడు మందులు.

డాక్టరమ్మ_పశువులకి
వాసంతి గారు చెప్పింది కరెక్ట్. ఆ దగ్గు వీడియో తీసి మీ డాక్టర్‌కి చూపించండి. లావెక్కనివ్వకండి కూడా. అలాగే నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి రెండు గెంతులు గెంతి మళ్లీ మామూలుగా నడుస్తుంటే అది వయ్యారం కాదు, మోకాలి చిప్ప జారుతోందని అర్థం.

భీముడి_నాన్న
భీముడు అలా గెంతుతుంటే మేం ఆరు నెలలు డాన్సనుకున్నాం.

కత్తెర_కాంతం
చెవి ఏమైంది అసలు? థ్రెడ్ మొదలైంది దానితో.

ఒంటిచెవి_ఓనర్
మీరు చెప్పినట్టే పైన మూడో వంతు జుట్టు తీయించాం. నాలుగు రోజుల క్రితం లేచింది. లేచి కుడి చెవి వైపు వాలింది. ఇప్పుడు గడియారంలో పదీ పదిలా ఉండాల్సినవి పన్నెండూ పదిలా ఉన్నాయి. మా అత్తగారు మల్లెపూల దారంతో పిలక వేశారు, అది ఇంకోవైపు.

గుంటూరు_ఘాటు
ఫోటో పెట్టు ముందు.

ఒంటిచెవి_ఓనర్
పద్నాలుగు తీశాను, అన్నిట్లోనూ తోక మాత్రమే వచ్చింది. లిఫ్ట్ తెరుచుకుంది, ఉండండి.